బెల్లం మానిన పందికొక్కు

బెల్లం వండే పాకలో ఓ పందికొక్కు కాపురముండేది. ఓసారి పిల్లి తరిమితే కన్నంలో నడుం ఇరుక్కుని, తోక చివర పోగొట్టుకుని ఎలాగో బతికి బయటపడింది.

"ఈ ఒళ్ళంతా బెల్లం తెచ్చిపెట్టిన తంటా! ఇక ముట్టనంటే ముట్టను," అని ఒట్టు పెట్టుకుంది. మాట నిలబెట్టుకుంది కూడా. బెల్లం దిమ్మల మీంచి నడిచి వెళ్ళేది గానీ నాలుక చాచేది కాదు. ఆ గర్వంతోనే పక్క కొట్టులో వేరుశనక్కాయలు బస్తాకి బస్తా ఖాళీ చేసేది.

పొరుగునున్న చుంచెలుక ఓ బెల్లం పలుకు కొరుక్కుంటూ, "బావా, ఏం తిన్నావని కన్నం అడగదు. ఎంత తిన్నావనే చూస్తుంది," అంది.

"తీపి మానలేని నువ్వా నాకు చెప్పేది?" అని పందికొక్కు మూతి తిప్పుకుంది.

అంతలో పిల్లి రానే వచ్చింది. చుంచెలుక బెల్లం పలుకుతో సహా కన్నంలోకి జారిపోయింది. దాని వెనకే దూరిన పందికొక్కుకి తల పట్టింది గానీ, నడుం మళ్ళీ బిగుసుకుపోయింది.

"ఇది అన్యాయం! నేను బెల్లం మానేశాను!" అని లోపల్నుంచే గోలపెట్టింది.

"నాకెందుకు చెబుతావు? ఆ కన్నానికి చెప్పుకో," అంటూ పిల్లి తీరిగ్గా దగ్గరికొచ్చింది.