మళ్లీ వదులైన బోల్టు

"అక్కా, మీ ఆయన్ను కాళ్లు ఎత్తమను."

తెరిచిన కారు తలుపులోంచి స్టీరింగు కిందికి తల దూర్చి, సగం లోపల సగం బయట వెల్లకిలా పడుకున్న ఎలక్ట్రీషియన్ మాట అది.

"ఏమండీ, కాళ్లు ఎత్తాలట," అంది పక్కనే నిలబడ్డ అక్క.

బావ కాళ్లు ఎత్తాడు. డ్రైవరు సీటు మాత్రం దిగలేదు.

దిగితే ఒట్టు పోతుంది మరి. ఈ కారు కొన్న రోజున బావమరిది అయిన ఈ ఎలక్ట్రీషియనే నలుగురిలో, మా బావ ఇంజను చూసి కొనలేదు, రంగు చూసి కొన్నాడని నవ్వాడు. నీ షెడ్డులో కాలు పెడితే ఒట్టు అన్నాడు బావ. ఇప్పటికీ పెట్టలేదు. కారు లోపలికొస్తుంది, కారులో ఆయన ఉంటాడు. చక్రాలు తొక్కిన నేలకు కాళ్లకు పూచీ లేదని ఆయన వాదన. ఎలక్ట్రీషియనూ తక్కువ తినలేదు. ముందు బావే పలకరించాలని భీష్మించుకుని కూర్చున్నాడు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసి మోసి అక్క నోరు అరిగిపోయింది.

కారు జబ్బు పాతదే. లైట్లు, వైపర్లు, హారను, తలుపుల తాళాలు అన్నింటినీ ఆడించే పెట్టె ఒకటుంది, బాడీ కంట్రోల్ మాడ్యూల్ అంటారు. దానికి కరెంటు సరిగా అందక ఉన్నట్టుండి మూర్ఛపోతుంది. బాగుచేసి పంపితే కొన్నాళ్లు తిరిగి మళ్లీ ఇక్కడే తేలుతుంది. ఈసారి అక్క బజారు పని ముగించుకుని వచ్చేసరికి తాళాలు తెరుచుకోలేదు. వానలో సంచులతో నిలబడి రిమోటు నొక్కుతుంటే, ఎదుట టీవీ లేకుండా ఈవిడ ఏ ఛానెలు మారుస్తోందా అని జనం చూసుకుంటూ పోయారట.

"ఇక నావల్ల కాదురా. ఆదివారం కొనేవాళ్లొస్తున్నారు," అంది అక్క.

తమ్ముడికి దిగులు పట్టుకుంది. ఒట్టు వేసుకున్న మొగుణ్ణి కాదని అక్క ఒంటరిగా ఈ షెడ్డుకు రాదు. కారు పాడైతేనే అక్క కనిపించేది. కారు పోతే ఆ కాస్తా పోతుంది.

బ్యాటరీ చూశాడు, బాగుంది. ఫ్యూజు దగ్గర మీటరు పెట్టాడు, నిండుగా ఉంది. పెట్టెకు వచ్చే వైరులోనూ అంతే. మీటరు రెండో కొనను, పెట్టెలోంచి కరెంటు వెనక్కి పోయే ఎర్త్ వైరుకు ఆనించి లైట్లు వెయ్యమన్నాడు. అక్క చెప్పింది, బావ వేశాడు. అంకె జారిపోయింది.

"ఊరికే ఉంటే నిండుగానే చూపిస్తోంది. పని చెబితే పడిపోతోంది."

"నా సంగతేనా నువ్వు చెప్పేది?" అంటూ అక్క స్టూలు మీద కూలబడింది.

రావడం సరిగానే వస్తున్న కరెంటు వెనక్కి పోలేకపోతోందన్నమాట. ఎర్త్ వైరు వెంట వేళ్లు జరుపుకుంటూ పోయాడు. బావ కుడికాలి పక్కన, ప్లాస్టిక్ మూత వెనక ఉన్న బోల్టు వేలికే కదిలింది. కిందటిసారి స్ప్రింగు వాషరు వేసి, జిగురు పెట్టి, బిగించాక దాని మీదుగా తెల్ల రంగు గీత కూడా గీశాడు. ఇప్పుడా గీత రెండు ముక్కలై ఉంది. బోల్టు అంచుల మీద స్పానరు పట్టిన కొత్త మెరుపు. కుదుపులకు ఊడింది కాదిది, ఎవరో పట్టి తిప్పారు.

మెల్లగా లేచి అక్కను షెడ్డు మూలకు తీసుకెళ్లాడు.

"నన్ను చూడాలనిపిస్తే ఫోన్ చెయ్యొచ్చుగా అక్కా. దానికోసం బోల్టు వదులు చెయ్యాలా?"

అక్క తేరిపార చూసింది. "నేనా? మళ్లీ రావాలని నువ్వే సగం బిగించి పంపిస్తున్నావనుకున్నాను. పోనీలే, చిన్నవాడని ఊరుకున్నాను."

"నేను కాదు. పది నంబరు స్పానరు లేకుండా అది కదలదు."

"మా ఇంట్లో స్పానరు కూడానా? బల్బు మార్చాలంటే మీ బావ పక్కింటాయన్ను పిలుస్తారు."

ఇద్దరూ ఒకరినొకరు నమ్మలేదు. పోట్లాడే ఓపిక ఇద్దరికీ లేదు.

"ఎవరైతేనేం. ఇక ఊడకుండా బిగించెయ్. కొనేవాళ్ల చేత మాట పడకూడదు," అంది అక్క.

బిగించడానికి అతని దగ్గరా స్పానరు లేదు. పిడికి ఎర్ర టేపు చుట్టిన పది నంబరుది, మొదటిసారి ఈ బోల్టు బిగించింది దాంతోనే. ఆ తర్వాత ఎక్కడ పారేసుకున్నాడో. ఇక్కడే ఎక్కడో ఉంటుందిలే అని కొత్తది కొనకుండా, ప్రతిసారీ పక్క షెడ్డులో అడిగి తెచ్చుకుంటున్నాడు. నేను తెస్తానులే అని అక్క కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది.

అతను మళ్లీ స్టీరింగు కింద పడుకున్నాడు. మాటలు మోసే మనిషి లేదు. బావ కాళ్లు ఎవరూ చెప్పకుండానే పైకి లేచాయి. కాసేపటికి ఏదో కదిలిన చప్పుడైంది. అక్క వచ్చిందనుకుని, బోల్టు మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాపాడు.

బావ తన జేబులోంచి ఎర్ర టేపు స్పానరు తీసి ఆ చేతిలో పెట్టాడు.