ఆరో ప్రశ్న

చనిపోయిన రోజున అక్క ఎడమ చెప్పు చేత్తో పట్టుకుని బస్సు దిగింది.

“పద్నాలుగు గంటలు కదలకుండా కూర్చున్నానని చెప్పు కూడా అలిగిందిరా. కాలికి ఎక్కనంటోంది” అని ఎదురొచ్చిన తమ్ముడితో అంటూ, కుంటుతూనే నవ్వింది.

నేరుగా తమ్ముడి మసాజ్ గదికి వచ్చి, అక్కడికి వచ్చే అందరిలాగే బల్ల మీది ఫారం అందుకుని పేరు రాసింది. తమ్ముడు కలం లాగేసుకున్నాడు.

“సొంత అక్కకి ఫారమేంటి? వచ్చి పడుకో.”

“పిక్క పట్టేసిందిరా.”

అరగంట ఒత్తాడు. “నీ చేతిలో ఏదో ఉందిరా తమ్ముడూ” అని ఆమె కళ్లు మూసుకుంది. టీ తెచ్చి లేపితే లేవలేదు.

నిద్రలోనే పోయింది, అదృష్టవంతురాలు అన్నారు అందరూ. ఆ సాయంత్రం గదికి వేసిన తాళం అతను మూడు నెలలైనా తీయలేదు. నడుం పట్టేసిన వంటమనిషి, తలనొప్పితో నిద్రకు దూరమైన లెక్కల మాస్టారు తలుపు తట్టి తట్టి ఊరుకున్నారు.

ఇవాళ అక్క కూతురు వచ్చి పట్టుబట్టి తాళం తీయించింది.

“మెడ తిరగడం లేదు మామయ్యా. ఆఫీసులో ఎవరైనా పిలిస్తే కుర్చీతో సహా తిరుగుతున్నా. టేబుల్ ఫ్యాన్ అని పేరు పెట్టారు.”

“బాగా చేసేవాళ్లు ఇంకొకరు ఉన్నారు. అక్కడికి పంపిస్తాను తల్లీ.”

“అమ్మను హాయిగా నిద్రపుచ్చిన చేతులు ఇక్కడుంటే ఇంకెక్కడికో ఎందుకు?”

అతను ఫారం తీసి ఆమె ముందు పెట్టాడు.

“నాక్కూడానా? నీ చంకలో పెరిగినదాన్ని!”

“ఎవరైనా సరే. పూర్తిగా రాయి.”

ఆమె పైకి చదువుతూ రాసుకుపోయింది. “జ్వరం, లేదు. రక్తపోటు, లేదు. ఎముకలు విరిగాయా, ఇంకా లేదు. ఆరోది... ఈ మధ్య దూరప్రయాణం చేశారా, ఒక కాలే వాచిందా? మెడ నొప్పికి కాలి సంగతెందుకు మామయ్యా?”

“అడగాలి.”

“అవునని రాస్తే?”

“చెయ్యి వేయకూడదు. వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఒత్తితే ప్రాణం మీదికి వస్తుంది.”

“బాబోయ్! అయితే లేదు, లేదు, లేదు” అని మూడుసార్లు గీత గీసి సంతకం పెట్టింది. స్టూలు మీద అటు తిరిగి కూర్చుని జుట్టు పైకి ముడివేసుకుంది.

అతను అరచేతులు రుద్ది వెచ్చబరిచాడు. ఎడమ భుజం పైన కండ ముడిపడి ఉండటం కంటికే తెలుస్తోంది. పది నిమిషాల పని. చేతులు ఆమె భుజాల దాకా వెళ్లి, వేలెడు దూరంలో ఆగిపోయాయి. ఎంత ప్రయత్నించినా కిందికి దిగలేదు.

“ఏమైంది?”

“ఏం లేదమ్మా. చేతులు చల్లగా ఉన్నాయి.”

ఆమె వెనక్కి తిరిగి, అతని ముఖం చూసి లేచి నిలబడింది.

“పోనీలే మామయ్యా. అమ్మ గుర్తొచ్చింది కదూ. మరోసారి వస్తా. అన్నట్టు, ఆ రోజు అమ్మ కూడా ఫారం రాసే ఉంటుందిగా? అది ఇవ్వవూ? అమ్మ చేతిరాత నా దగ్గర ఒక్క ముక్కైనా లేదు.”

అతను సొరుగు తెరిచాడు. వెతకనవసరం లేకపోయింది, అన్నిటికంటే పైన అదే ఉంది. ఆమె కాగితం రెండు చేతులతో అందుకుని, గుండ్రటి అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది.

“పేరొక్కటే రాసిందేంటి మామయ్యా? కిందంతా ఖాళీ.”

అతను కిటికీ వైపు తిరిగాడు.

ఆరో ప్రశ్న అతను అక్కను అడగలేదు.