తొమ్మిది ఇన్నింగ్సుల అల్లుడు

"కూర్చో బాబూ. ఆట మొదలవుతోంది," అన్నాడు బ్రహ్మాజీ.

నవదీప్ సోఫాలో కూర్చున్నాడు. బ్రహ్మాజీ కూతురు విజేతను చూసుకోవడానికి వచ్చిన నాలుగో అబ్బాయి అతను. డబ్లిన్ శివార్లలోని క్లోనీలో ఉద్యోగం. ఎవరో స్నేహితురాలి ద్వారా తెలిసిందంటూ బ్రహ్మాజీ భార్య శాంతకుమారి తెచ్చిన సంబంధం.

బ్రహ్మాజీ మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఐర్లండ్ రాకముందు ఎనిమిదేళ్ళు బోస్టన్‌లో పనిచేశాడు. అక్కణ్ణుంచి వెంట తెచ్చుకున్నవి రెండే: మోకాలి నొప్పి, బేస్‌బాల్ పిచ్చి. సిటీవెస్ట్‌లోని వాళ్ళింట్లో పెళ్ళిచూపులంటే కాఫీ, పకోడీ, ఆ తర్వాత పదహారేళ్ళ కిందటి ఒక మ్యాచ్ రికార్డింగు. మూడు గంటలు. రెండు జట్లకూ కలిపి ఒక్కటే పరుగు, అదీ ఏడో ఇన్నింగ్స్‌లో. మిగతాదంతా పిచర్ బంతి విసరడం, బ్యాటరు గాలిని కొట్టడం, తల దించుకుని వెళ్ళిపోవడం.

విజేత ఒక్కగానొక్క కూతురు. కోపం వస్తే మూడు గంటలు పలకదు. ఏమీ జరగని మూడు గంటలు ఓపిగ్గా కూర్చోలేనివాడు దాంతో కాపురం ఏం చేస్తాడన్నది బ్రహ్మాజీ వాదన. తను ఒప్పుకున్నవాడు తగనివాడైతే పిల్ల బతుకేం కావాలని అతనికి నిజంగానే బెంగ.

మొదటివాడు రెండో ఇన్నింగ్స్‌కే గురక పెట్టాడు. రెండోవాడు ఫోనులోంచి తలెత్తలేదు. మూడోవాడైతే "హైలైట్స్ లేవా అంకుల్?" అని మొహం మీదే అడిగాడు. ముగ్గుర్నీ లువాస్ ట్రామ్ స్టాపు దాకా మర్యాదగా సాగనంపి వచ్చాడు బ్రహ్మాజీ. "ఇతనూ వద్దమ్మా" అన్నప్పుడల్లా "గ్రాండ్, డాడ్. నీ ఇష్టం" అనేది విజేత. ఈ దేశంలో పెరిగినా ఎంత వినయమో అని మురిసిపోయాడు.

నాలుగో ఇన్నింగ్స్ వచ్చింది. నవదీప్ కాలు మీద కాలు కూడా వేసుకోలేదు.

"తీసుకో బాబూ, చల్లారిపోతాయి," అంటూ శాంతకుమారి పకోడీల ప్లేటు అందించింది.

"ఇతను అవుటవనీండి ఆంటీ," అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

బ్రహ్మాజీ గుండె పొంగింది. అయినా బయటపడలేదు. ఆరో ఇన్నింగ్స్‌లో గాలం వేశాడు.

"పరుగులే రావట్లేదు. నీకు విసుగ్గా లేదుటోయ్?"

"రాకపోవడమేంటి అంకుల్, ఆ పిచర్ రానివ్వట్లేదు కదా."

పదహారేళ్ళుగా ఈ మాట ఎవరైనా అంటారేమోనని చూస్తున్నాడు బ్రహ్మాజీ. వేడి పకోడీ ఒకటి స్వయంగా ఏరి అతని ప్లేటులో పెట్టాడు.

తొమ్మిదో ఇన్నింగ్స్. ఒకటి, సున్నా. ఇంకొక్కడు అవుటైతే ఆట అయిపోతుంది. కానీ స్కోరు సమం చేసేవాడు మూడో బేస్ మీద కాచుక్కూర్చున్నాడు. పిచర్ చెయ్యి పైకెత్తాడు. బంతి ఇంకా చెయ్యి దాటనేలేదు, నవదీప్ "అయిపోయాడు" అని గొణిగాడు. బ్యాటరు గాలిని కొట్టాడు.

బ్రహ్మాజీకి కళ్ళు చెమర్చాయి. ఈ ఆట పుట్టుకతో ఒంటబట్టాలి గానీ ఒకరు నేర్పితే వచ్చేది కాదనుకున్నాడు. అక్కడికక్కడే నవదీప్ వాళ్ళ నాన్నకి వీడియో కాల్ చేసి, "మాకు సమ్మతమే బావగారూ" అని మాటిచ్చేశాడు. విజేత ఎప్పటిలాగే "గ్రాండ్, డాడ్" అంది.

అబ్బాయి లువాస్ ఎక్కాక బ్రహ్మాజీ ఇంటికొచ్చి సోఫాలో దర్జాగా వాలాడు.

"చూశావా శాంతా. ఊరికే అన్నానా? నా పరీక్షలో ముగ్గురు తప్పారు, నిఖార్సయినవాడు నిలిచాడు. పిల్ల కూడా నోరెత్తకుండా అంతా నాకే వదిలేసింది."

శాంతకుమారి ఖాళీ ప్లేట్లు తీస్తూ అంది, "ఆ రికార్డింగు కాపీ తీసి ఇతనికి ఆర్నెల్ల కిందటే ఇచ్చిందీ, ముందొచ్చిన ముగ్గురికీ ఫోన్ చేసి 'నాన్న ఊరికే మర్యాదకి టీవీ పెడతారు, మొహమాటపడి చూడక్కర్లేదు' అని చెప్పిందీ మీ అమ్మాయేనండీ."