వేడి పరీక్ష

“మళ్ళీ పేలింది సార్,” అన్నాడు పరీక్షల గది అధికారి, చెవులకున్న మూతలు తీస్తూ.

ఎదురుగా నిలబడ్డ శాస్త్రవేత్తకి ఒళ్ళు మండింది. ఆ ‘సార్’ వింటేనే మంట. మనిషేమో సొంత బావమరిది. ఈ కొత్త పేలుడు మందు పరీక్షకొచ్చిన దగ్గర్నుంచి ఇంటికి రావడమూ మానేశాడు, బావా అనడమూ మానేశాడు.

ఫిరంగి గుండ్లలో నింపే పాత మందు ఒట్టి చిరచిరలాడే రకం. కాస్త దెబ్బ తగిలితే చాలు, చుట్టుపక్కల ఎవరినీ మిగల్చదు. కిందపడినా, తూటా తగిలినా ఊరుకుని, పేల్చినప్పుడే పేలే మందు కోసం శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి తిండీ నిద్రా మరిచాడు. సాధించాననే అనుకున్నాడు. బరువులు పడేసినా అది ఉలకలేదు, పలకలేదు. ఇతగాడొక్కడే దాన్ని వేడిచేసి మరీ కొడతానంటాడు.

“చల్లగా ఉన్నప్పుడు పేలలేదుగా?”

“లేదు. కానీ గుండ్లలో నింపేటప్పుడు కరిగిస్తారు సార్. ఆ వేడిమీద పైనుంచి ఏ ఇనప మూతో జారిపడితే? ప్రతిసారీ పేలదు. ఎప్పుడో ఒకసారి పేలుతుంది. అది చాలదా?”

“నీ ఊహలకి నా పని ఆగాలా?”

“ఊహ కాదు. లోపలికొచ్చి చూడండి, మందు కింద పెట్టిన ఇనప పళ్ళెం రెండు చెక్కలైంది.”

శాస్త్రవేత్త కదల్లేదు. “నాకు పేరొస్తుందని నీకు కడుపుమంట. మీ అక్కని చేసుకున్నప్పట్నుంచీ చూస్తున్నాను, నా మంచి ఏనాడైనా ఓర్చుకున్నావా?”

బావమరిది ముఖం బిగుసుకుంది. “ఇంకొన్నాళ్ళు ఆగి ఆ లోపం సరిచెయ్యండి. నింపుడు గదిలో పనిచేసేవాళ్ళంతా ఎవరో ఒకరి పిల్లలే.”

“నీతులు నాకొద్దు. మందు పరీక్ష నెగ్గిందని సంతకం పెడతావా, పెట్టవా?”

“పెట్టను.”

శాస్త్రవేత్త తిన్నగా డైరెక్టర్ దగ్గరికెళ్ళాడు. వేడి పరీక్ష నిబంధనల్లో లేదనీ, ఇంటి గొడవలు మనసులో పెట్టుకుని బావమరిది అడ్డం పడుతున్నాడనీ చెప్పాడు. సైన్యం వాళ్ళకి మాటిచ్చేసి తల పట్టుకున్న డైరెక్టర్‌కి అంతకన్నా కావలసిందేముంది? వారం తిరక్కుండా బావమరిదిని ఊరవతల గోదాముకి బదిలీ చేశారు.

వెళ్ళేరోజు అతను వరండాలో ఎదురుపడ్డాడు.

“బావా, నామీద కోపం ఉంటే ఉంచుకో. వేడి పరీక్ష మాత్రం మానొద్దు. కావాలంటే కాళ్ళు పట్టుకుంటాను.”

“ఇన్నాళ్ళకి దారికొచ్చావన్నమాట,” అని నవ్వి, శాస్త్రవేత్త పక్కకి తప్పుకుని వెళ్ళిపోయాడు.

కొత్తగా వచ్చిన అధికారి గొంతెత్తే రకం కాదు. వేడి ఊసెత్తకుండా, చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. చెత్తబుట్ట పక్కన పడున్న ఆ పళ్ళెం చెక్కలు శాస్త్రవేత్త కంటపడ్డాయి. చూపు తిప్పేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు. తమ్ముణ్ణి పంపించేసినప్పట్నుంచీ మాటలు మానేసిన భార్య వంటింట్లోంచి బయటికి రాలేదు. కూతురే మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

“నా మందు ఒప్పుకున్నారమ్మా. రేపట్నుంచే గుండ్లలో నింపుతారు. మీ మామయ్య ఎంత అడ్డుపడితే ఏమైంది?”

కూతురు ఖాళీ గ్లాసు అందుకుంది. “నాన్నా, నాకు ఉద్యోగం వచ్చింది. రేపే చేరాలి.”

“మంచి మాటే. నా చెవిన వెయ్యలేదేం?”

“చెబితే ఒప్పుకోవని. మామయ్యకి ఎప్పుడో తెలుసు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.”

శాస్త్రవేత్త మొహం ముడుచుకున్నాడు. “వాడికి తెలిసి నాకు తెలియని ఉద్యోగం ఏంటది?”

“మీ నింపుడు గదిలోనే.”