ఎడమ చేతిలో ముగ్గు

"చెయ్యి తప్పు పడ్డది పెద్దాయనా," అన్నాడు రామచంద్రం.

పెయింటర్ తాత కళ్లద్దాలు పైకి తోసుకుని, తను వేసిన బొమ్మ వైపు చూశాడు.

"ఏం తప్పు సారూ?"

"ముగ్గు పిండి ఎడమ చేతిలో పెట్టినవు. మా ఆమె ఎన్నడూ ఎడమ చేత్తో ముగ్గు వెయ్యలే. ముప్పై నాలుగేండ్లు చూసిన నేను."

"ఎన్నడూ వెయ్యలేదా?"

"ఒక్కనాడు గూడ."

ముసలాయన మొహం కాస్త చిన్నబోయింది.

కల్వకుర్తి బస్టాండు వెనుక ఒక రేకుల గది ఆయనది. దుకాణాల బోర్డులన్నీ ఫ్లెక్సీలైపోయాక, బండ్ల నంబర్లు రాయడమొక్కటే ఆయనకు మిగిలిన పని.

రామచంద్రం మొదట ఆయన కోసం రాలేదు. భార్య అండాలు పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి గోడకు పెట్టుకుందామంటే ఒక్క మంచి ఫోటో లేదు. ఉన్నదల్లా ఆధార్ కార్డు మీది మొహం, అదీ ఎవరో గద్దించినట్టు. పక్కనున్న ఫ్లెక్సీ దుకాణం ప్రవీణ్ దాన్నే పెద్దది చేసి, తెల్లగా చేసి, వెనుక గులాబీలు పెట్టి చూపించాడు.

"ఈమె ఎవరు?" అని అడిగాడు రామచంద్రం.

ప్రవీణ్ నవ్వేశాడు. "గట్లయితే తాత దగ్గరికి పోండి సార్."

తాత ఆధార్ కార్డు పట్టుకుని చాలాసేపు చూశాడు. పేరూ ఊరూ ఏమీ అడగలేదు. అమ్మ ఏం చేసేటప్పుడు సంతోషంగా ఉండేదని మాత్రం అడిగాడు.

"వాకిట్ల ముగ్గేసేటప్పుడు."

పది రోజుల్లో బొమ్మ తయారైంది. వంగి ముగ్గు వేస్తూ, ఎవరో పిలిస్తే తలెత్తినట్టు అండాలు. పెదవి చివర ఆపుకున్న నవ్వు కూడా దిగింది. ఆ నవ్వు ఆధార్ కార్డులో లేదు. రామచంద్రం బొమ్మను వెలుతురు వైపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాతే చెయ్యి కనబడింది.

"ఇంటి నిండ చుట్టాలొస్తరు. ఎడమ చెయ్యేందని అడుగుతరు. మార్చు పెద్దాయనా."

"మారుస్త సారూ." ముసలాయన కుంచె తుడుచుకుంటూ ఆగాడు. "అమ్మ చివరిదాక ముగ్గులేసిందా?"

"దవాఖానకు పోయే పొద్దు గూడ వేసే బయలెల్లింది."

"మంచిది," అన్నాడాయన. బొమ్మ వైపు తిరిగి మళ్లీ అన్నాడు, "మంచి మాట చెప్పిన్రు."

నాలుగో రోజు వస్తే రేకుల గదికి తాళం. బొమ్మ ప్రవీణ్ దగ్గరుంది. ముగ్గు కుడి చేతిలోకి వచ్చింది.

"తాతకు పాణం బాగలేదు సార్, దవాఖానల ఉన్నడు. బొమ్మకు నీళ్లు తగలనియ్యొద్దన్నడు."

"సరే."

"ఇంకోటి గూడ అన్నడు. ఎన్నడన్న మీ మనసు మారితే తడిగుడ్డతోని తుడవాల్నట."

"బొమ్మను తుడుసుడేంది?"

"నాకేం ఎరుక సార్. ముసలోడు గదా, ఏదో ఒకటి అంటనే ఉంటడు."

దవాఖానకు పోయి ఒక మాట చెప్పి రావాలనుకున్నాడు రామచంద్రం. పనుల్లో పడి పోలేదు. సంవత్సరీకం ముందు రోజు పూలకని బస్టాండుకు వస్తే, ప్రవీణ్ దుకాణం ముందు చిన్న ఫ్లెక్సీ కనబడింది. పెయింటర్ తాతకు కన్నీటి నివాళి. తెల్లగా చేసిన మొహం. వెనుక గులాబీలు.

అండాలు నవ్వును తెచ్చి ఇచ్చిన మనిషి అనుకున్నాడు. దండం పెట్టి, పూలలోంచి ఒక మూర తుంచి ఆ ఫ్లెక్సీకి కట్టి వచ్చాడు.

మర్నాడు ఆత్మకూరు నుంచి అండాలు చెల్లెలు రమ వచ్చింది. బొమ్మ ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు.

"అక్కనే బావా. పిలిస్తే పలికేటట్టున్నది."

"ముందు చెయ్యి తప్పేసిండు రమా. ముగ్గు ఎడమ చేతిలో పెట్టిండు. నేనే చెప్పి మార్పిచ్చిన."

రమ నవ్వలేదు.

"అక్కది ఎడమ చెయ్యే బావా."

"ఏంది?"

"నీకెన్నడూ చెప్పలేదా? మా అవ్వ ఆ చెయ్యిని నడుముకు కట్టేసి ముగ్గేయించేది. ఎడమచేతి ముగ్గు ఇంటికి మంచిది కాదని, రేపు అత్తగారింట్ల మాటొస్తదని. కుడిచేత్తోని గీత వంకర పోయేది. ఇగ ముగ్గే వద్దని ఏడ్సుకుంట కూసునేది అక్క."

"మరి ఎట్ల నేర్చింది?"

"మా బడిల బొమ్మల సారు ఉండె. తన క్లాసుల తలుపు దగ్గరికేసి, నీకు ఏ చెయ్యి వస్తే ఆ చేత్తోనే గియ్యి బిడ్డా, కుడిచెయ్యి దాని ఎనుకనే వస్తది అనేటోడు. ఎంత మంచిగ వేసినా పదికి తొమ్మిదే ఇచ్చేటోడు. ఆ ఒక్క మార్కు ఏమాయె సారూ అంటే, నువ్వు ముగ్గు ఎన్నడూ మానకుంటే అప్పుడిస్త అనేటోడు."

రామచంద్రానికి దవాఖాన మంచం గుర్తొచ్చింది. కుడి చేతికి సెలైన్ ఎక్కుతుంటే, అండాలు ఎడమ చేతి వేలితో దుప్పటి మీద చుక్కలు పెట్టి, వాటిని కలుపుతూ ఉండేది. కుడి చెయ్యి ఖాళీ లేదు గనుక అనుకున్నాడు అప్పుడు.

"రమా, ఒక గుడ్డ తడిపి తే."

"ఎందుకు బావా?"

రమ తెచ్చిన తడిగుడ్డ ఆయన అందుకున్నాడు. బొమ్మను దించి ఒళ్లో పెట్టుకుని, నిద్రపోయే మనిషి మొహం తుడిచినట్టు తుడిచాడు. పైన వేసిన కుడి చెయ్యి మాత్రం నీటి రంగు, మిగతా బొమ్మంతా నూనె రంగు. కరిగి గుడ్డకు అంటుకుంది. దాని అడుగున ఎడమ చెయ్యి చెక్కుచెదరకుండా ఉంది, వేళ్ల సందుల్లోంచి తెల్లటి పిండి జారుతూ.

ఆ చేతి కింద, ముగ్గు పక్కన, ఎర్రటి అక్షరాలు బయటపడ్డాయి: "అండాలు, ఏడో తరగతి, పదికి పది."