పక్కన పెట్టిన డబ్బు

"ఇవాళ ఎలా ఉన్నారక్కా బావగారు?"

ఐసీయూ ముందు బెంచీ మీద కూర్చున్న టైలరమ్మ తలెత్తి చూసింది. ఇన్సూరెన్స్ ఆఫీసరు. రోజూలాగే ఆఫీసు వదలగానే వచ్చి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"అలాగే ఉన్నారు తమ్ముడూ. కళ్లు తెరవలేదు."

"డాక్టరుగారేమంటున్నారు?"

"చూద్దాం అంటారు. వచ్చిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నారు."

ఆమె భర్త లిఫ్టు మెకానిక్. ఊళ్లో సగం మేడలకు మనుషుల్ని పైకి పంపినవాడు, తాను మాత్రం రెండో అంతస్తు నుంచి కిందికి పడ్డాడు. ఆ రోజు నుంచీ ఆమెకు ఈ బెంచీయే ఇల్లు. ఊరికే కూర్చోలేక నర్సుల కోట్లకు ఊడిన గుండీలు కుట్టిపెడుతుంటే, వాళ్లు ఆమెను టైలరమ్మ అనడం మొదలుపెట్టారు. నిజానికి ఆమె టైలరే.

అయినవాళ్ల సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. మరిది మొదటి రోజు వచ్చి అందరికంటే గట్టిగా ఏడ్చి వెళ్లాడు, మళ్లీ పత్తా లేడు. ఆడపడుచు ఫోన్ చేసి "ఖర్చెంతవుతోంది వదినా?" అనడుగుతుంది. జవాబు చెప్పబోయేసరికి ఆవిడకు సిగ్నల్ పోతుంది.

ఇన్సూరెన్స్ ఆఫీసరు మొదటిసారి వచ్చినప్పుడు ఆమె కుడుతున్న గుండీ వదిలేసి లేచి నిలబడింది. కొర్రీలు పెట్టి క్లెయిము ఎగ్గొట్టడానికే వచ్చాడనుకుంది. అతను నింపాదిగా కూర్చుని వివరంగా చెప్పాడు.

"భయపడకక్కా. రూలు ప్రకారం బావగారి వైద్యానికి ఎంత కావచ్చో అంచనా కట్టి, ఆ డబ్బంతా ముందే పక్కన పెట్టేశాం. పెద్ద మొత్తం. దాన్ని మా చైర్మన్ కూడా ముట్టుకోకూడదు."

ఆ పూట ఆమె కడుపునిండా తిన్నది. ఆ తర్వాత అతను రాని రోజు లేదు. ఒకరోజు తమ కంపెనీ డాక్టరునే వెంటబెట్టుకొచ్చాడు. ఆ డాక్టరూ ఇక్కడి డాక్టరూ వరండా చివర చాలాసేపు మాట్లాడుకున్నారు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఇంత తాపత్రయపడేవాళ్లు ఉంటారా అని ఆమె కళ్లు తుడుచుకుంది.

"బావగారికి ఇదివరకు గుండె జబ్బేమైనా ఉందా అక్కా?" అనడిగాడు డాక్టర్లు వెళ్లాక.

"లేదు తమ్ముడూ. జ్వరం వచ్చి పడుకోవడం కూడా నేనెరుగను. మనిషి గట్టి పిండం."

అతను ఆ మాట డైరీలో రాసుకున్నాడు.

ఈ మధ్య అతని ముఖం పీక్కుపోతోంది. బెంచీ మీద కూర్చుని ఊరికే ఫోన్ తీసి చూస్తాడు, జేబులో పెడతాడు. చూసీ చూసీ ఆమె ఇవాళ అడిగేసింది.

"ఏమైంది తమ్ముడూ? ఇంట్లో అందరూ బాగున్నారా?"

"ఇంట్లో బాగానే ఉన్నారు. ఆఫీసే బాగాలేదు." ఒళ్లో బ్యాగును ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "ఆరోగ్య బీమా కంపెనీ నడపాలంటే బాకీలన్నీ పోగా సొంత డబ్బు ఇంత ఉండాలని గవర్నమెంటు లెక్క పెట్టిందక్కా. మాది చిన్న కంపెనీ. ఆ లెక్కకు తక్కువైంది. నెలాఖరుకు చూపించకపోతే కొత్త పాలసీలు అమ్మనివ్వరు."

"మీ చైర్మన్ పెట్టకూడదూ?"

"ఆయనా? చిల్లిగవ్వ తీయడు. ఆ భారమంతా నా నెత్తిన పెట్టాడు. లెక్క సరిచేస్తే మేనేజర్ని చేస్తాడట, లేకపోతే ఇంటికి పొమ్మన్నాడు. ఇద్దరు పిల్లలక్కా నాకు."

టైలరమ్మ ప్రాణం ఉసూరుమంది. తన కష్టం చాలనట్టు అతని కష్టం కూడా నెత్తికెత్తుకుంది.

"పోనీ, మా ఆయనకని పెట్టిన దాంట్లోంచి కొంచెం వాడుకోండి. నేనేమీ అనుకోను."

అతను ఉలిక్కిపడ్డట్టు చూశాడు. "అది కుదరదక్కా. బావగారు ఇక్కడున్నంతకాలం అది ఆయన వైద్యానిదే, మా లెక్కలో బాకీ కిందికే వస్తుంది."

"సరేలే, బెంగపెట్టుకోకు. నీ మంచితనం ఊరికే పోదు," అంది ఆమె. అతను తల దించుకున్నాడు.

నెల చివరి రోజున అతను పొద్దున్నే వచ్చేశాడు.

"ఆఫీసు లేదా తమ్ముడూ?"

"ఇవాళ ఇక్కడే ఉంటానక్కా."

ఇంత గండంలో ఉండి కూడా తన కోసం వచ్చి కూర్చున్నాడని ఆమెకు గుండె నిండిపోయింది. తలుపు చప్పుడైనప్పుడల్లా ఇద్దరూ కలిసే లేచేవాళ్లు.

మధ్యాహ్నం నర్సు ఆమెను లోపలికి పిలిచింది. భర్త కళ్లు తెరిచి ఉన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని, వేలి మీద సూది పోట్లను బొటనవేలితో తడిమాడు. డాక్టరు నవ్వుతున్నాడు.

"గండం గడిచిందమ్మా. ఇంకా ఆపరేషన్లున్నాయి, నెలల తరబడి వైద్యం కావాలి. కానీ మీ మనిషి మీకు దక్కాడు. మీ తమ్ముడికి కూడా ఇప్పుడే చెప్పాను."

ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి ఆమెకు. మరిదికి చెప్పాలనిపించలేదు, ఆడపడుచుకు చెప్పాలనిపించలేదు. బయటికి పరుగెత్తింది. బెంచీ మీద బ్యాగు ఉంది, అతను లేడు. కాఫీ మిషన్ దగ్గర రెండు కప్పులు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లింది.

మెట్ల దగ్గర కిటికీ వైపు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. జేబురుమాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. సొంత తమ్ముడైనా ఇంత పొంగిపోడనుకుంటూ, మాట పూర్తయ్యేదాకా ఆగుదామని ఆమె వెనకే నిలబడింది.

"లాభం లేదు సార్, ఆ డబ్బు ఇక మన లెక్కలోకి రాదు," అంటున్నాడతను, "మనిషి బతికేశాడు."