లెక్కలోంచి తీసేసిన మిల్లు

“ప్రశ్నలేమైనా ఉన్నాయా?” అని మారెన్ అడిగేసరికే సగం మంది కాఫీ దగ్గరికి లేచిపోయారు. ఊరికే పెట్టే కాఫీ ముందు ఏ పరిశోధన నిలుస్తుంది?

వెనక కుర్చీలోంచి ఓ ముసలాయన చెయ్యెత్తాడు.

“మా మిల్లు ఇందులో లేదేం తల్లీ?”

వెస్టర్‌లుండ్ గ్రంథాలయంలో అప్పటిదాకా మారెన్ చెప్పింది ఒకటే. చవక దిగుమతుల దెబ్బకు మూతపడ్డ ఫ్యాక్టరీల కార్మికులు ఆ తర్వాత ఏమయ్యారో విశ్వవిద్యాలయం తరఫున ఆమె లెక్క తీసింది. ఎక్కడా వాళ్ళు తేరుకోలేదు. ఎవరు ఏం చేసినా ఫలితం లేదు.

ఊరి మునిసిపాలిటీకి కావలసిందీ ఆ మాటే. వచ్చే వేసవిలో అక్కడి పందిమాంసం ఫ్యాక్టరీ మూతపడబోతోంది. ఆరువందల మంది. గేటు పడకముందే వాళ్ళకు పనులు వెతికిపెట్టడానికి మనుషుల్ని నియమించాలా, వద్దా? మారెన్ నివేదిక చూసి తేలుస్తారు.

“ఏ మిల్లండీ?” అంది మారెన్ సంచి సర్దుకుంటూనే.

“కాలవ పక్క నేత మిల్లు. ఆసియా బట్ట వచ్చిపడ్డాక మూసేశారు, ఇరవై ఏళ్ళ కిందట. నూట నలభై మూడు మందిమి. ఏడాది తిరిగేసరికి మావాళ్ళంతా పనిలో ఉన్నారు.”

మారెన్‌కి నవ్వొచ్చింది.

“అలాంటివి మేం తీసేస్తామండీ.”

“తీసేస్తారా! ఎందుకు?”

“మూతపడ్డ చోట అందరికీ పని దొరికిందంటే అది మూతపడినట్టు కాదు. యజమాని మారి, గేటు మీద పేరు బోర్డు మారినట్టు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఏడాదిలో పనిలో చేరితే ఆ ఫ్యాక్టరీని పక్కన పెట్టెయ్యాలి. ఆ నియమం నేనే రాశాను.”

“మగ్గాలు విప్పి లారీలకెత్తింది నేనేనమ్మా. మారింది బోర్డు కాదు, మిల్లే పోయింది.”

“మీరు అబద్ధం చెబుతున్నారని కాదు. కానీ ఒక్కరి మాట మా లెక్కలోకి రాదు.”

“అయితే అందర్నీ పిలుచుకు రమ్మంటావా? మీ కాఫీ చాలదు మరి!”

ఎవరో నవ్వారు. మునిసిపాలిటీ అధికారి ప్రేబెన్ వచ్చి ఆయన భుజం తట్టాడు.

“వదిలెయ్ థోర్కిల్. అమ్మాయికి రైలు టైమైంది. నీ మిల్లు పురాణం మాకెప్పుడూ ఉండేదేగా.”

థోర్కిల్ కదల్లేదు.

“రెండు వాక్యాలు చాలు తల్లీ. ఒక్కచోటైనా జరిగిందని రాయి. వీళ్ళు మనుషుల్ని పెడతారు.”

“జరగలేదని లెక్క చెబుతుంటే ఎలా రాయనండీ?”

ఆయన కోప్పడలేదు. “సరేనమ్మా, నీ చదువు నీది” అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నివేదిక వెళ్ళింది. మునిసిపాలిటీ ఎవర్నీ పెట్టలేదు. జూన్‌లో గేటు పడింది.

అక్టోబరులో ఓ మధ్యాహ్నం, విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లో రొట్టెలు వడ్డించే దాగ్ని నల్ల కోటు తొడుక్కుంటూ కనిపించింది.

“ఇంత తొందరగా ఎక్కడికి?” అంది మారెన్.

“వెస్టర్‌లుండ్. అంత్యక్రియలకి. మా మిల్లు థోర్కిల్ పోయాడు.”

“నువ్వు... ఆ మిల్లులో చేశావా?”

“పద్ధెనిమిదేళ్ళు. ఈ పని నాకెవరు ఇప్పించారనుకున్నావ్? ఆయనే. మా యూనియన్ మనిషి. మూసేస్తున్నారని తెలిసిన రోజు నుంచి సైకిలేసుకుని తిరిగాడు. బేకరీ, బడి, ఆస్పత్రి వంటిల్లు, ఒక్క గుమ్మం వదల్లేదు. ‘మా దాగ్ని పనితనం చూడండి, తర్వాత వద్దనండి’ అని ఇక్కడి మేనేజరు గదిలో గంట కూర్చున్నాడట. ఒక్కొక్కరికీ అలాగే. ఇవాళ చర్చి పట్టదు చూడు.”

“మిల్లు పేరు మారలేదా?”

“పేరేంటి? అక్కడిప్పుడు గడ్డి మొలిచింది.”

మారెన్ భోజనం అక్కడే వదిలేసింది. గదిలోకి వెళ్ళి, కంప్యూటర్‌లో తను రాసిన నియమం తీసేసి లెక్క మళ్ళీ వేసింది. నేత మిల్లు, నూట నలభై మూడు మంది. ఆ నియమం పక్కన పెట్టేసిన ఫ్యాక్టరీల్లో అలాంటిది ఒకటే ఉంది.

బోర్డు మారితే అందరూ ఒకేచోట తేలాలి. వీళ్ళు డెబ్భై ఒక్క చోట్ల తేలారు. ఆ మాత్రం తను చూడలేదు. ఆరువందల కుటుంబాలు తలపుకొచ్చి మారెన్‌కి సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

ఆ లెక్కల్లో ఒక్కో కార్మికుడికీ ఒక్కో వరుస ఉంటుంది, పేర్లుండవు. ఏ వరుస ఎవరిదో వెతకకూడదు, అది మొదటి షరతు. మారెన్ వెతకలేదు. ఆ అవసరమూ రాలేదు.

నూట నలభై రెండు వరుసల్లో ఏడాదిలోపే కొత్త పని ఉంది. ఒక్క వరుస మాత్రం, మిల్లు మూసిన నాటి నుంచి పింఛను వయసు దాకా, ఖాళీగా ఉంది.